ఒళ్ళు చేసే బిళ్ళలు

మా వైపు ఆడపిల్ల సన్నగా ఉంటే అది ఆ పిల్ల సొంత విషయం కాదు. ఊరందరికీ అందులో వాటా ఉంటుంది. పంపు దగ్గరికి బిందె తీసుకెళ్తే అక్కడొకరు, బస్సు కోసం నిలబడితే అక్కడొకరు, మీ ఇంట్లో అన్నం పెట్టడం లేదా అని అడుగుతారు. అడిగేవాళ్ళకు అదొక పలకరింపు. మా అక్క ఆ పలకరింపు రోజుకు నాలుగైదుసార్లు విని, నవ్వి వచ్చేది. గుమ్మం దాటి లోపలికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

మాది సత్తెనపల్లికి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఊరు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాకున్న మూడెకరాల్లో ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి వేసేవాళ్ళం. ఎనభైల నాటి సంగతి ఇది. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, అక్క, నేను. అక్కకు పంతొమ్మిది, నాకు పదమూడు. అక్క ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉండేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. తను నడుస్తుంటే పక్కన నేను పరిగెత్తాల్సి వచ్చేది. చేలో మిరపకాయలు కోస్తే కూలివాళ్ళకంటే ముందు సాలు ముగించేది. అవేవీ ఎవరికీ పట్టలేదు. అందరికీ కనబడింది మెడ కింద ఎముకలే.

"పత్తికట్టెకు చీర చుట్టినట్టుందే" అనేది నాయనమ్మ. పత్తి తీసేశాక చేలో మిగిలే కట్టె అది, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. నాయనమ్మకు అక్కంటే ప్రాణం. ప్రాణం కాబట్టే రోజూ అనేది.

మొదట వచ్చిన పెళ్ళివారు, పిల్ల లక్షణంగా ఉంది గానీ కాస్త ఒళ్ళు చెయ్యాలి అని కబురు చేశారు. ఈ ఒళ్ళు చెయ్యడం అనే మాట మీద నాకు ఇప్పటికీ కోపం. వంట చేసినట్టు, ఇంటిపని చేసినట్టు, ఒళ్ళు కూడా చేసేదే అన్నమాట. చెయ్యని పిల్ల ఏదో పని ఎగ్గొట్టినట్టు లెక్క. అమ్మ ఆ పని నెత్తిన వేసుకుంది. మినపసున్ని చేసి పొద్దున రెండుండలు, సాయంత్రం రెండుండలు పెట్టేది. పాలలో పచ్చిగుడ్డు కొట్టి తాగించేది. అక్క ముక్కు మూసుకుని తాగి, పెరట్లోకి పోయి కక్కేది. కక్కిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండోసారి పెళ్ళిచూపులకు అమ్మ ఇంకో ఉపాయం చేసింది. నేతచీరకు చిక్కటి గంజి పెట్టి, అట్టముక్కలా ఆరేసి, లోపల రెండు లంగాలు కట్టించి, ఆ పైన చీర చుట్టింది. అక్క కూర్చుంటే చీర విడిగా, అక్క విడిగా కూర్చున్నారు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ దగ్గరికి పిలిచి, బుజ్జగిస్తున్నట్టే జబ్బ పట్టుకుని నొక్కి చూసింది. బేరంలో మిరపకాయను రెండువేళ్ళ మధ్య నొక్కి చూస్తారే, అట్లా. తర్వాత బస్సు దగ్గర ఆవిడ, చీరే కనబడింది గానీ పిల్ల కనబడలేదు అందని మాకు తెలిసింది. ఇట్లాంటి మాటలు మోసుకొచ్చేవాళ్ళకు మా ఊళ్ళో కొదవలేదు. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. ముట్టకపోతే ఇంకా చిక్కిపోతావని అమ్మ తిట్టింది.

అప్పుడు వచ్చాడు డాక్టరు. డాక్టరంటే చదువుకున్న డాక్టరు కాదు, మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి జ్వరాలకు సూదులు వేసే మనిషి. ఊరంతా ఆయన్ను డాక్టరుగారనే పిలిచేది. పిలుపులో ఏముంది, వేళకు వచ్చినవాడే డాక్టరు. నాయనమ్మ కాలికి పుండు లేస్తే చూడటానికి వచ్చి, అక్కను ఎగాదిగా చూసి, ఈ అమ్మాయికి ఒళ్ళు చేసే బిళ్ళలు ఇస్తాను, రెండు నెలల్లో మీరే గుర్తుపట్టలేరు అన్నాడు.

నాన్న కొంచెం సందేహించాడు. అమ్మ సందేహించలేదు. ఆ రోజుల్లో మా పొలాల్లో మందు కొట్టని రోజు లేదు. పత్తి మీద తెల్లదోమ, మిరప మీద పురుగు, ఊరి మీద ఎప్పుడూ ఆ ఘాటు వాసన. పురుగుకు కొట్టేదీ మందే, పైరు ఎదగడానికి వేసేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే. మాకు అన్నిటికీ ఒకటే మాట.

"పైరుకి మందెయ్యకుండా పండుద్దా? పిల్లకైనా అంతే" అంది అమ్మ. నాన్న డబ్బులు తీసిచ్చాడు. బలానికిచ్చే బిళ్ళలే అయ్యుంటాయని తనకు తాను చెప్పుకుని ఉంటాడు.

తెల్లగా, గోరులో సగమైనా లేని బిళ్ళలు. పేరు లేదు. కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎవరికీ చెప్పొద్దనీ, దిష్టి తగిలితే పని చేయవనీ చెప్పి పోయాడు. అమ్మ పొట్లాన్ని మెంతుల డబ్బాలో దాచింది, అయిపోయినప్పుడల్లా ఇంకోటి తెప్పించేది. రెండుపూటలా బిళ్ళ తీసి, గ్లాసుతో నీళ్ళిచ్చి అక్క చేత మింగించే పని నాది. ఒక్కపూట కూడా మర్చిపోలేదు. బాధ్యత గల పిల్లనని నాకు పేరు.

కార్తీకంలో మొదలుపెట్టాం. పదిరోజులు తిరక్కముందే అక్కకు ఆకలి పుట్టుకొచ్చింది. అంతకుముందు ముద్ద ముద్దకూ బతిమాలాల్సిన పిల్ల, గోంగూర పచ్చడి వేసుకుని మూడుసార్లు అన్నం మారు వడ్డించుకునేది. సంక్రాంతి వెళ్ళేసరికి బుగ్గలు నిండాయి. మెడ ఎముకలు మాయమయ్యాయి. మొహం గుండ్రంగా తిరిగి, ఎర్రగా, నిగనిగలాడుతూ తయారైంది. చూసినవాళ్ళంతా ఒకే మాట అన్నారు, చంద్రబింబంలా ఉంది అని. ఏం పెడుతున్నావమ్మా అని అడిగిన ప్రతివాళ్ళకూ అమ్మ మినపసున్ని అని చెప్పింది. దిష్టి భయం కదా. ఆ శీతాకాలం మా వీధిలో సగం ఇళ్ళలో మినుములు వేయించిన వాసనే. సున్ని తన చేతి కొలత కాబట్టి నాయనమ్మ కాలర్ ఎగరేసింది, కాలర్ లేకపోయినా.

అక్క సంతోషం నేను కళ్ళారా చూశాను, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఇంట్లో నీళ్ళు నిండుగా ఉన్నా బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయేది. అక్కడ కాసేపు నిలబడి వచ్చేది. అద్దంలో పక్కకు తిరిగి బుగ్గ చూసుకునేది. నాకు కుళ్ళు పుట్టింది. నేనూ సన్నగానే ఉండేదాన్ని మరి.

మాఘంలో మూడో సంబంధం వచ్చింది. అద్దంకి వైపు వాళ్ళు, మంచి సేద్యం, పిల్లవాడు కో-ఆపరేటివ్ బ్యాంకులో ఉద్యోగం. పిల్లవాడి తల్లి అక్క గడ్డం పట్టుకుని, పిల్ల నిండుగా ఉంది, మాకు నచ్చింది అని అక్కడికక్కడే చెప్పేసింది. పెళ్ళి వైశాఖంలో అనుకున్నారు. ఆ సాయంత్రం అమ్మ అక్కకు దిష్టి తీసి, ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదని, ఎంత దిష్టి తగిలిందో చూడమని అంది.

అక్కకు వీపు రుద్దేది నేను. అందుకే మొదట చూసింది నేను. పొట్ట మీద, తొడల మీద వంకాయ రంగు చారలు, ఒక్కోటి వేలంత వెడల్పు. లోపలినుంచి ఎవరో గీరినట్టు. మెడ వెనక, భుజాల మధ్య మెత్తగా ఒక మూట లేచింది. కాళ్ళూ చేతులూ మాత్రం మునుపటికంటే సన్నబడ్డాయి. ఆటకు మణికట్టు పట్టుకుంటే పట్టిన చోట నల్లగా కమిలి, పదిరోజులైనా పోలేదు. చెంపల మీద నూగు మొలిచింది. నూగు ఒక్కటే అమ్మకు కనబడింది, దానికి సున్నిపిండి పెట్టి రుద్దింది. చారల సంగతి చెప్తానంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పొద్దే. చెప్తే బిళ్ళలు మాన్పిస్తారు. నా మీద ఒట్టు" అంది.

నేను ఒట్టు వేశాను.

ఫాల్గుణంలో కల్లంలో కాయలు ఎండాయి. మంచి కాయల్లోంచి తాలుకాయలు ఏరడానికి కూలి ఆడవాళ్ళతో పాటు అక్కా నేనూ కూర్చునేవాళ్ళం. రంగు వెలిసిపోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి అందరూ లేచారు. అక్క లేవలేకపోయింది. చేతులు నేలకు ఆనించి, మోకాళ్ళ మీదికి వచ్చి, మళ్ళీ కూలబడింది. కూలివాళ్ళు నవ్వారు. పెళ్ళికూతురు ఒళ్ళు బరువెక్కింది అని ఒకరు, ఇప్పుడే ఇట్లా అయితే పెళ్ళయ్యాక ఎట్లా అని ఇంకొకరు. అక్క కూడా నవ్వింది. నేను చంకల కింద చేతులు పెట్టి లేపాను. సాలులో అందరికంటే ముందుండే పిల్ల తను. ఆ రోజు నాకు భయం వేసింది. భయం వేసి కూడా, ఒట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంకో సంగతి దాచడానికి వీల్లేకపోయింది. మా ఇంట్లో బయట చేరినవాళ్ళు మూడురోజులు వసారా చివర చాప మీద ఉండాలి. అక్క చాప పడి మూడునెలలైంది. నాయనమ్మ ఆ లెక్క మర్చిపోయే మనిషి కాదు. అమ్మతో గుసగుసగా చెప్పింది. అమ్మ మొహం పాలిపోయింది. అక్కను లోపలి గదిలోకి తీసుకుపోయి, తలుపేసి ఏం అడిగిందో నాకు వినబడలేదు. అక్క ఏడుపు వినబడింది. మర్నాడు పెళ్ళి బట్టలకని చెప్పి అమ్మ మా ఇద్దర్నీ గుంటూరు తీసుకుపోయి, ఒక లేడీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

ఆవిడ అక్కను పరీక్ష చేసి వచ్చింది. అమ్మకు కావలసింది ఒకటే.

"అదేం కాదుగా డాక్టరుగారూ?"

అది కాదు గానీ, అని డాక్టరమ్మ ఏదో మొదలుపెట్టింది. కాదు అన్న దగ్గరే అమ్మ చెవులు మూసుకుపోయాయి. కళ్ళు తుడుచుకుంటూ ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టింది. డాక్టరమ్మ అక్క మొహం కేసి పరీక్షగా చూస్తూ, చీటీ రాస్తూ, పక్కనున్న నర్సుతో మూన్ ఫేస్ అంది. అమ్మ నా వైపు వంగి ఏమంటోంది అని అడిగింది. క్లాసులో ఇంగ్లీషు ఫస్టు నేను. ఆ గర్వంతో వెంటనే చెప్పాను.

"చంద్రబింబం లాంటి మొహం అంటోందమ్మా."

అమ్మ మొహం విప్పారింది. గుంటూరు డాక్టరు కూడా మెచ్చుకుంది మరి. ఆ మాట జబ్బు గుర్తని నాకు తెలియదు. తెలియకపోతే నోరు మూసుకుని ఉండొచ్చు కదా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయాసానికి గానీ, నొప్పులకు గానీ ఏమన్నా బిళ్ళలు వాడుతోందా అని డాక్టరమ్మ అడిగింది. ఏమీ లేదండి, మినపసున్ని పెడుతున్నాం అంది అమ్మ, ఊళ్ళో అందరికీ చెప్పి చెప్పి అలవాటైన గొంతుతో. డాక్టరమ్మ అక్క కేసి చూసింది. అక్క నా కేసి చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. రక్తపరీక్షలు చేయించుకుని ఇవాళే మళ్ళీ రమ్మని ఆవిడ చీటీ ఇచ్చింది. అమ్మ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, పెళ్ళయ్యాక చూద్దాంలే అంది. అట్నుంచి అటే చీరలకు వెళ్ళాం.

పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికూతుర్ని చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు. పీటల మీదినుంచి లేపేటప్పుడు మాత్రం రెండువైపులా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. సిగ్గు అనుకున్నారు. అత్తారింటికి తోడుపెళ్ళికూతురిగా నన్ను పంపారు. కారెక్కే ముందు అమ్మ లోపలి గదిలో, నా ముందే, అక్కతో చెప్పింది.

"ఇంక బిళ్ళలు అక్కర్లేదు. అక్కడ ఎవరన్నా చూస్తే ఏం జబ్బని అడుగుతారు. పెళ్ళయిపోయిందిగా."

మిగిలిన పొట్లం అమ్మ తన దగ్గరే ఉంచేసుకుంది.

రెండోరోజు నుంచి అక్కకు అన్నం సయించలేదు. మూడోరోజు తాగిన మజ్జిగ కూడా కక్కింది. కళ్ళు తెరవలేక మంచం మీదే పడుకుని ఉండేది. వైశాఖం ఎండలు, వడ దెబ్బ అన్నారు. కొత్తచోటు కదా, బెంగ అన్నారు. అక్క అత్తగారు మంచి మనిషి, అరికాళ్ళకు ఉల్లిపాయ రసం రాసింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. బావ రోజూ బ్యాంకుకు వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి బాగుందా అని నన్ను అడిగేవాడు. అయిదోరోజు పొద్దున స్నానాల గది ముందు అక్క పడిపోయింది. ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉంది. పిలిస్తే పలకలేదు.

కారులో ఒంగోలు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు పెద్దాయన. బి.పి. చూసి, మళ్ళీ చూసి, సెలైన్ పెట్టించాడు. ఇంతకుముందు ఏమన్నా మందులు వాడేదా అని నన్నే అడిగాడు, పుట్టింటి మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి. పక్కన అత్తగారు, బావ ఉన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ వస్తే అమ్మే చెప్తుందిలే అనుకున్నాను. ఇట్లా అనుకుని నేను పోగొట్టిన గంటలు నాలుగు. ఆ నాలుగు గంటల్లో రెండో సీసా కూడా అయిపోయింది, అక్క పెదాలు పాలిపోయాయి, డాక్టరు వచ్చి చూసి వెళ్ళిన ప్రతిసారీ ముందుకంటే తక్కువ మాట్లాడాడు.

కబురందుకుని మధ్యాహ్నానికి అమ్మా నాన్నా వచ్చారు. డాక్టరు మళ్ళీ అదే అడిగాడు. ఈసారి మెల్లిగా, విడమరిచి అడిగాడు, అమ్మాయి ఇదివరకు ఏమన్నా బిళ్ళలు మింగేదా, మింగి ఈ మధ్య ఆపిందా అని. అమ్మ అక్కను చూసింది. పక్కనే ఉన్న వియ్యపురాలిని చూసింది.

"ఏమీ లేదండి. మినపసున్ని, నెయ్యి, అంతే."

అమ్మ చెడ్డది కాదు. నిజం చెప్తే సంబంధం చెడుతుంది, చెప్పకపోతే పిల్ల పోతుంది అన్న లెక్క ఆవిడకు ఆ క్షణంలో తెలిసి ఉండదనే ఇవాళ్టికీ నా నమ్మకం. నమ్మకపోతే నేను బతకలేను.

నేను చెప్పేశాను. తెల్ల బిళ్ళలు, రోజుకు రెండు, ఆరునెలలు, పెళ్ళి రోజు ఆపేశాం, ఒళ్ళు చెయ్యడానికి ఇచ్చారు, నేనే మింగించేదాన్ని. ఒక్క ఊపిరిలో చెప్పాను. డాక్టరు నర్సును కేకేసి ఏదో ఇంజెక్షన్ తెమ్మన్నాడు. అది ఎక్కించాక బయటికొచ్చి, అందరూ వినేట్టు చెప్పాడు. ఆ బిళ్ళలకు అలవాటుపడ్డ ఒళ్ళు వాటిని ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదట. మళ్ళీ అవే బిళ్ళలు ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలట. ఇంకో పూట ఆగి ఉంటే మనిషి దక్కేది కాదు అన్నాడు. నా భుజం తట్టి, నీవల్లే మీ అక్క బతికింది అని కూడా అన్నాడు. అమ్మ నా వైపు చూడలేదు.

అక్క బతికింది. ఏడాదికి పైగా పట్టింది ఆ బిళ్ళలనుంచి బయటపడటానికి. చారలు తెల్లబడ్డాయి గానీ పోలేదు. నలభై దాటకముందే ఎముకలు గుల్లబారి నడుం వంగిపోయింది. అది తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం కళ్ళు తెరిచింది. నన్ను దగ్గరికి వంగమని సైగ చేసింది. నీళ్ళడుగుతుందేమో అనుకున్నాను.

"బుగ్గలు తగ్గినయ్యా?" అంది.

"లేదక్కా" అన్నాను. అక్క మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నాకు ఏడుపు ఆగలేదు. అన్నం క్యారియర్ కడిగే వంకతో వెనక కుళాయి దగ్గరికి పోయాను. కాసేపటికి అక్క అత్తగారు వచ్చి నా పక్కన నిలబడింది. మోసం చేశారని ఇప్పుడు నన్ను తిడుతుంది, అక్కను పుట్టింటికి పంపేస్తుంది అనుకున్నాను. ఆవిడ నా చేతిలోంచి క్యారియర్ గిన్నె తీసుకుని తనే కడగడం మొదలుపెట్టింది.

"భయపడకమ్మాయ్. నేనేం అనన్లే. ఆ బిళ్ళలిచ్చినాయనది ఏ ఊరు?"

వెళ్ళి ఆయన్ను నిలదీస్తుందనుకున్నాను. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఊరి పేరు చెప్పాను. ఏ బస్సెక్కాలో చెప్పాను. పత్తి మిల్లు దాటాక ఎడమచేతి వీధి, నీలం తలుపుల ఇల్లు అని అడక్కుండానే చెప్పాను. ఆవిడ తలూపుతూ విని, గిన్నె బోర్లించి, నీళ్ళు వంపింది. వసారాలో బెంచీ మీద ఆవిడ కూతురు కూర్చుని ఉంది. మధ్యాహ్నం మాకు అన్నం తెచ్చిన పిల్ల. పదిహేడేళ్ళుంటాయి, జాకెట్ చేతులు వదులుగా వేలాడుతున్నాయి. ఆవిడ అటే చూస్తూ గొంతు తగ్గించింది.

"రోజుకి రెండా, ఒకటేసినా సరిపోద్దా? మధ్యలో ఆపకపోతే ఏం కాదుగా, డాక్టరుగారే చెప్పాడు."